గుమ్మడి నీళ్లొదిలితే ఏం చేయాలి?

ప్రశ్న: శరదృతువు రాగానే గుమ్మడికాయ, చిలగడదుంపలు, పియర్ పళ్లు కొంటాను మేడమ్. గుమ్మడి వండితే నీళ్లొదిలి చప్పగా ఉంటోంది. దుంపలు ఒక్కోసారి తియ్యగా, ఒక్కోసారి పిండిలా ఉంటున్నాయి. పియర్లేమో పైకి బాగానే ఉండి లోపల పాడైపోతున్నాయి. ఎలా ఎంచుకోవాలి?

జవాబు: గుమ్మడికాయను ముందు చేత్తో ఎత్తి చూడండి. సైజుకు మించిన బరువుండాలి. తొడిమ ఎండి గట్టిపడాలి, తొక్కలో గోరు దిగకూడదు. పెద్దకాయ అందంగానే ఉంటుంది కానీ, వంటకు నేనైతే చిన్నదే తీసుకుంటాను. మూతపెట్టి ఉడికించడం మానేయండి. ముక్కలకు నూనె పట్టించి, ఒకదానికొకటి తగలకుండా పరిచి, 200 డిగ్రీల ఓవెన్‌లో అంచులు ఎర్రబడేదాకా కాల్చండి. నీరు ఆవిరైపోయి రుచి చిక్కబడుతుంది. ట్రే కిక్కిరిస్తే మాత్రం మళ్లీ ఆవిరి మీద ఉడికినట్టే!

చిలగడదుంపలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైము ఉంటుంది. వేడి నెమ్మదిగా ఎక్కితేనే దానికి పని చేసే టైము దొరుకుతుంది. అందుకే మైక్రోవేవ్‌లో హడావిడిగా ఉడికిన దుంప అంత తియ్యగా ఉండదు. పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి లోపల గట్టిపడతాయి.

పియర్ లోపలినుంచి పండుతుంది. కాబట్టి పొట్ట దగ్గర కాదు, తొడిమ పక్కన నొక్కి చూడండి. అక్కడ కాస్త మెత్తబడగానే ఫ్రిజ్‌లోకి మార్చేయండి. మరీ గట్టిగా ఉంటే కాగితం సంచిలో ఒక యాపిల్‌తో కలిపి ఉంచండి. యాపిల్ వదిలే ఇథిలీన్ వాయువుకు త్వరగా పండుతుంది. వంటకైతే కొంచెం గట్టి పళ్లే నయం, ముక్క చెదరదు.