ముందు దారి, చివర సంచి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన సామాన్ల జాబితా అందాయి. వీపున సామాను మోసుకుంటూ, రాత్రిళ్ళు టెంట్‌లో పడుకుంటూ 22 రోజులు కొండదారిలో నడవాలని తలపెట్టావని తెలిసి సంతోషించాను. అయితే 75 లీటర్ల బ్యాక్‌ప్యాక్ ముందే కొనేసి, అందులో ఏమేమి సర్దాలని అడగడం చూసి కొంచెం కలవరపడ్డాను. సంచి అన్నిటికంటే చివర కొనవలసిన వస్తువు. పెద్ద సంచిలో ఖాళీ కనిపిస్తే ఎవరి చెయ్యీ ఊరుకోదు. నీ చెయ్యి కూడా ఊరుకోలేదని జాబితాలోని మూడు జతల ప్యాంట్లే చెబుతున్నాయి.

ముందుగా దారి పటం ఎదురుగా పెట్టుకుని మూడు విషయాలు తేల్చుకో. దారి మొత్తంలో అత్యంత చల్లని రాత్రి ఎక్కడ గడుస్తుంది, నీళ్ళు దొరకని అతి పొడవైన భాగం ఎంత, ఆహారం తిరిగి నింపుకునే చోట్ల మధ్య అత్యధిక ఎడం ఎన్ని రోజులు. మొదటిది నీ పడకనూ బట్టలనూ, రెండవది నీళ్ళ సీసాలనూ, మూడవది తిండి బరువునూ నిర్ణయిస్తాయి. మొదటిదానికి ఒక సులువైన లెక్క ఉంది. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 1500 మీటర్ల ఎత్తులోని లోయలో రాత్రి 12 డిగ్రీలు ఉంటే, 3500 మీటర్ల దగ్గర టెంట్ వేసేవారికి అది సున్నాకు ఒక డిగ్రీ దిగువన ఉంటుందని అనుకోవాలి. గాలి వీస్తే ఒంటికి ఇంకా తక్కువగా తోస్తుంది.

రోజువారీ నడకను దూరంతో మాత్రమే లెక్కించావు, ఎక్కుడును వదిలేశావు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. మీటర్లలోకి మార్చి వాడుకునే రూపంలో, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. నీ నాలుగో రోజున 18 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు ఉన్నాయి కనుక ఈ లెక్కన 5 గంటల 6 నిమిషాలు పడుతుంది. కానీ ఇది తేలికగా, ఆగకుండా నడిచే మనిషి లెక్క. బరువు మోస్తూ, నీళ్ళు పట్టుకుంటూ, దారి వెతుక్కుంటూ నడిచేవారు దానికి సగం కలుపుకోవాలన్నది నా అనుభవం. అప్పుడది దాదాపు 7 గంటల 40 నిమిషాలు అవుతుంది. పగటి వెలుగు ఎన్ని గంటలుంటుందో చూసుకుని, ఆ రోజును రెండుగా విడగొట్టు. మొదటి అయిదు రోజులూ, కాళ్ళు ఎంత ఉత్సాహపెట్టినా, తక్కువ దూరమే పెట్టుకో. మొదటి వారంలో మితిమీరి నడిచి మోకాలు వాచిపోయి రెండో వారంలో వెనక్కి వచ్చేసినవారిని నేను చాలామందినే చూశాను. పలుచని గాలికి ఒళ్ళు అలవాటుపడాలి కనుక 3000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో ఆగి విశ్రాంతి తీసుకోవాలి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్ళవద్దు. అవి ముదిరితే ఆలోచించకుండా కిందికి దిగిపో. వీటన్నిటినీ కలిపితే 22 రోజులు చాలవు. 25 రోజుల సెలవు పెట్టు.

ఫోన్‌లోని పటం మంచిదే కానీ చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, తడిసిన వేళ్ళకు తెర స్పందించదు. కాగితపు పటాన్నీ దిక్సూచినీ తప్పనిసరిగా తీసుకెళ్ళు. పటం మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతలు దగ్గరగా ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే చదును అన్న పాఠాన్ని ఇంటి దగ్గరే చదివి, తెలిసిన కొండ మీద సరిచూసుకో. దారి మధ్యలో ప్రయాణం విరమించి కిందికి దిగగల చోట్లను పటం మీద ముందే గుర్తుపెట్టు. ఏ రాత్రి ఎక్కడ ఉంటావు, టెంట్ ఏ రంగు, ఏ తేదీ ఏ గంట దాకా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలన్నీ కాగితం మీద రాసి ఒక బాధ్యత గల మనిషికి ఇచ్చి వెళ్ళు. ఈల ఒకటి సంచి పట్టీకి కట్టుకో. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదడం కొండల్లో ఆపదను తెలిపే అంతర్జాతీయ సంకేతం.

ఇక నీ జాబితాకు వస్తాను. తిండి, నీళ్ళు కాక 14.2 కిలోలు తేలిందని రాశావు. మన దారిలో తిండికి అత్యధిక ఎడం అయిదు రోజులు కనుక రోజుకు 700 గ్రాముల చొప్పున 3.5 కిలోలు, రెండు లీటర్ల నీళ్ళకు 2 కిలోలు కలిపితే దాదాపు 20 కిలోలు. నీ బరువు 58 కిలోలు. మోసే బరువు శరీర బరువులో అయిదో వంతు లోపల ఉంటే నడక హాయిగా ఉంటుంది, నాలుగో వంతును మాత్రం దాటకూడదు అని నేను పాటిస్తాను. అంటే నీ హద్దు 14.5 కిలోలు. అందువల్ల తిండి, నీళ్ళు కాని సామాను 9 కిలోలకు దిగాలి. తిండి నింపుకున్న మొదటి రోజున హద్దు అంచున ఉంటావు, తింటున్నకొద్దీ తేలికపడతావు. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోశానని గర్వంగా రాశావే, చదివి చాలాసేపు నవ్వుకున్నాను తల్లీ. దానివల్ల మిగిలేది నాలుగైదు గ్రాములు. టెంట్, పడక, సంచి, ఈ మూడింటిలోనే కిలోలకు కిలోలు దాగి ఉంటాయి కాబట్టి కోత అక్కడ మొదలుపెట్టాలి. ముగ్గురు పట్టే టెంట్ ఒక్కదానివి మోయడంలో అర్థం లేదు.

పడక విషయంలో మాత్రం బరువు కోసం పిసినారితనం చేయవద్దు. స్లీపింగ్ బ్యాగ్ మీద రాసి ఉండే ఉష్ణోగ్రతలలో రెండు ముఖ్యం. హాయిగా నిద్రపట్టే హద్దు ఒకటి, ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగల హద్దు ఇంకొకటి. అమ్మేవారు పెద్ద అక్షరాలలో చూపేది తరచు రెండవదే. నువ్వు మొదటిదాన్ని చూసి కొను. మందపాటి బ్యాగ్ రాసి, కింద పరుచుకునే మ్యాట్‌ను జాబితాలో మరిచావు. బ్యాగ్‌లో మన కిందపడిన భాగం బరువుకు నలిగి గాలిని పట్టి ఉంచలేదు కనుక నేల చలిని ఆపవలసింది మ్యాటే. మ్యాట్ మీద, అది చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-విలువ అని ఒక అంకె ఉంటుంది. సున్నా డిగ్రీల చేరువకు వెళ్ళే రాత్రులకు అది 4కు తగ్గకుండా చూసుకో. పక్షి ఈకల బ్యాగ్ తేలిక, వెచ్చన, కానీ తడిస్తే దాదాపు నిరుపయోగం. కృత్రిమ దూది బ్యాగ్ బరువెక్కువైనా తడిసినప్పుడు కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఏది కొన్నా నీరు చొరని సంచిలో చుట్టి పెట్టు.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. నూలు బట్ట చెమటనూ వాననూ పీల్చుకుని ఆరదు కాబట్టి జీన్స్, బనియన్లు ఇంట్లోనే ఉండాలి. ఒంటికి ఆనుకుని త్వరగా ఆరే పొర, దాని మీద వెచ్చటి పొర, పైన గాలినీ వాననూ ఆపే జాకెట్, ఈ మూడూ చాలు. వీటికి తోడు ఒక పొడి జతను నిద్రకు మాత్రమే ఉంచుకో. ఉదయాన తడి బట్టలే తొడుక్కోవలసి వచ్చినా ఆ జతను ముట్టుకోకు. ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి మంచు కురవనక్కరలేదు. 8 డిగ్రీల వానలో, గాలిలో, తడి బట్టలతో అలసిపోయిన మనిషికి కూడా అది జరుగుతుంది.

పాదాల దగ్గర కొంచెం ఆగుతాను. నా మొదటి సుదీర్ఘ ప్రయాణానికి నేను పదేళ్ళ నాటి బూట్లు తీశాను. పెద్దగా వాడలేదు, పెట్టెలో భద్రంగా ఉన్నాయి, చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. మూడో రోజు మధ్యాహ్నానికి రెండు అడుగుభాగాలూ పొడిపొడిగా రాలిపోయాయి. టెంట్ తాళ్ళతో కట్టుకుని, కుంటుతూ రెండు రోజులు నడిచి దారి నుంచి దిగిపోయాను. చాలా బూట్ల అడుగున ఉండే పాలీయురేథేన్ అనే మెత్తటి పొర గాలిలోని తేమకు లోలోపల కుళ్ళిపోతుందని, వాడకుండా దాచినా అది ఆగదని తరువాత తెలుసుకున్నాను. నువ్వు కొత్తవే కొను, సాయంత్రం పూట కొను. నడిచి నడిచి పాదం ఉబ్బుతుంది కనుక మామూలు కొలత కంటే సగం సైజు పెద్దవి తీసుకో; దిగుడులో బొటనవేలు బూటు కొనను తాకితే గోరు నల్లబడి ఊడుతుంది. బయలుదేరేలోపు వాటితో కనీసం 80 కిలోమీటర్లు నడువు. పాదం మీద ఎక్కడైనా వేడిగా, మంటగా అనిపించిన క్షణాన ఆగి, బూటు విప్పి, అక్కడ టేపు అతికించు. తోటివారు ముందుకు వెళ్ళిపోతున్నారన్న మొహమాటంతో ఆ అయిదు నిమిషాలు ఆగనివారే బొబ్బలతో అయిదు రోజులు బాధపడతారు.

నీళ్ళకు 0.1 మైక్రాన్ (అతి సన్నని) రంధ్రాల ఫిల్టర్ రాశావు, మంచిదే. అది బ్యాక్టీరియానూ పరాన్నజీవులనూ ఆపుతుంది కానీ వైరస్‌లను ఆపదు. పైన జనావాసాలున్న వాగు నీటిని మరిగించే తాగాలి. తెర్లడం మొదలైన తరువాత ఒక నిమిషం, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. ఫిల్టర్ ఒక్కసారి గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు చిట్లిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో నీతోపాటే పడుకోబెట్టు. తిండిని రుచితోపాటు బరువుతో కూడా ఎంచుకో. గ్రాము కొవ్వులో 9 కిలోకేలరీలు, గ్రాము పిండిపదార్థంలో 4 ఉంటాయి కనుక గింజలు, నూనెలు తక్కువ బరువుతో ఎక్కువ బలాన్నిస్తాయి. ఎంత వాన కురుస్తున్నా స్టవ్‌ను మూసిన టెంట్‌లో వెలిగించకు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు, దానికి వాసన లేదు. మలవిసర్జనకు నీటి వనరులకూ దారికీ 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వి పూడ్చాలి. చిన్న తవ్వుగోల నీ జాబితాలో లేదు, చేర్చు.

ఎమ్మా గేట్‌వుడ్ ఉదాహరణ చూపి, ఇంత సరంజామా ఎందుకని అడిగావు. 1955లో 67 ఏళ్ళ వయసులో, తానే కుట్టుకున్న సంచిని భుజాన వేసుకుని, మామూలు బట్ట బూట్లతో, అమెరికాలోని దాదాపు 3,300 కిలోమీటర్ల అప్పలాచియన్ కొండదారిని ఆమె ఒంటరిగా నడిచిన మాట నిజమే. అయితే అంతకు ముందు ఏడాది, 1954లో, ఆమె బయలుదేరి దారి తప్పి, కళ్ళజోడు పగిలి తిరిగి వచ్చేసిందన్న సంగతిని చెప్పేవారు తక్కువ. రెండోసారి ఆమె సంచి చిన్నదే, కానీ ఏమి కావాలో ఏమి అక్కరలేదో తెలిసిన సంచి. నీకు ఆ తెలివిడి కోసం ఏడాది పోగొట్టుకునే అవసరం లేదు. ఇంటికి దగ్గరలోనే, వాన వస్తుందని తెలిసిన రెండు రోజులు ఎంచుకుని, పూర్తి బరువుతో నడిచి రెండు రాత్రులు బయట గడుపు. చీకటిలో, వానలో టెంట్ వేసి చూడు. తిరిగి వచ్చాక సామానును మూడు కుప్పలు చెయ్యి: వాడినవి, వాడనివి, లేక ఇబ్బందిపడినవి. మూడో కుప్పలో వస్తువులు ఉండవు కాబట్టి చీటీలు రాసి పెట్టు. రెండో కుప్పలో మందుల పెట్టె, ఈల, వాన జాకెట్, హెడ్‌ల్యాంప్ తప్ప తక్కినవన్నీ తీసేయవచ్చు.

ఆ తరువాత మిగిలినదంతా ఒక అట్టపెట్టెలో సర్ది, ఎన్ని లీటర్లు పడుతుందో కొలువు. 55 దాటదని నా అంచనా. తల వంచితే మెడ కింద పొడుచుకు వచ్చే ఎముక నుంచి నడుము ఎముకల పైఅంచు దాకా ఎవరిచేతనైనా టేపుతో కొలిపించుకో. సంచి ఆ పొడవుకు సరిపోవాలి, నీ మొత్తం ఎత్తుకు కాదు. నడుము పట్టీ ఆ ఎముకల మీద కూర్చుని బరువులో ఎక్కువ భాగం మోయాలి, భుజాల పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టుకుంటే చాలు. ఇప్పుడున్న 75 లీటర్ల సంచి చీటీ ఇంకా తీయకపోతే వాపసు ఇచ్చిరా. రెండో జాబితాలో ఒక్కొక్క వస్తువు ఎదురుగా గ్రాములు వేసి, మూడు కుప్పల వివరంతో సహా నాకు పంపు. అది చూశాకే కొత్త సంచి సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య