జిప్సీ వెనకాల ఊళ

ప్రశ్న: నాది 1998 నాటి మారుతి జిప్సీ కింగ్. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో వేళచ్చేరిలో మా వీధితోపాటు అదీ మునిగింది. ఇప్పుడు వేగం యాభై దాటితే వెనక నుంచి ఊళ వస్తోంది. డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల అమరిక) పోయిందని, పాత విడిభాగాల బజారు పుదుపేటలో పాతది దొరుకుతుందని మెకానిక్ అంటున్నాడు. అందులోని పెద్ద, చిన్న పళ్లచక్రాల జత, అంటే క్రౌన్ పినియన్, కొత్తది వేయించమని మా బావగారి సలహా. వానాకాలంలో నాగలాపురం దగ్గరి మా మామిడితోటకు ఫోర్ వీల్ లేనిదే వెళ్లలేను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ముందు ఊళ ఎక్కడిదో తేల్చండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు మరోలా ఉంటే క్రౌన్ పినియన్‌నే అనుమానించాలి. తొక్కినా వదిలినా మారక, మలుపుల్లో మారితే వీల్ బేరింగ్. దాని ఖర్చు చాలా తక్కువ.

తర్వాత ఆయిల్ దించి చూడండి. పైన నింపే ప్లగ్ ఊడి వస్తుందని రూఢి చేసుకున్నాకే కింది ప్లగ్ ముట్టుకోండి. పైది తుప్పుపట్టి కదలకపోతే ఆయిల్ లేని హౌసింగ్‌తో (డిఫరెన్షియల్ ఉండే గూడు) బండి షెడ్డులోనే ఉండిపోతుంది. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీరు చేరినట్టే. ప్లగ్‌కు అంటిన మెత్తని నల్లటి ముద్ద మామూలే. గోటికి తగిలే రేకులు, ముక్కలు కనిపిస్తే మాత్రం మెకానిక్ మాట నిజం.

అప్పుడు నా ఓటు పుదుపేటకే, బావగారు నొచ్చుకోకూడదు. క్రౌన్, పినియన్ కలిపి అరగదీసిన జత. వాటిని షిమ్‌లతో (పలుచని రేకు బిళ్లలు) సర్ది, పళ్ల మధ్య సందును డయల్ గేజ్‌తో కొలిచి, రంగు పూసి పళ్లు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూడాలి. ఆ సందు మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటుఇటు. గేజ్ లేకుండా చేతి అంచనాతో బిగిస్తే కొత్త పళ్లు కూడా ఊళవేస్తాయి. కంపెనీలో బిగించిన సెట్టింగ్ చెడని పాత ముక్క అంతకన్నా మేలు.

అయితే ఒక షరతు. వెనక నిష్పత్తి, అంటే క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేది, ముందు ఇరుసుతో తు.చ. తప్పకుండా కలవాలి. 41 పళ్ల క్రౌన్‌కు 11 పళ్ల పినియన్ ఉంటే 3.73, పది పళ్లది ఉంటే 4.1. తేడా ఉన్నా టూ వీల్‌లో బండి హాయిగా నడుస్తుంది. అందుకే అమ్మేవాడు ఒక చుట్టు తిప్పి చూపిస్తే తృప్తిపడకండి. తోట దారిలో ఫోర్ వీల్ వేయగానే ముందూ వెనకా ఇరుసులు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. బురదలో చక్రాలు జారి సర్దుకుంటాయి కానీ, గట్టినేల తగలగానే ఏదో ఒకటి విరుగుతుంది. కొట్లో ముక్క చేతికందగానే పళ్లు లెక్కపెట్టండి. మీ బండికైతే ముందు చక్రాలకు చెక్క అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రాలు రెండూ లేపి కలిపి ఒక చుట్టు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసును తిప్పే పొడవాటి గొట్టం) ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. ముందు ఇరుసుకూ ఇలాగే, చక్రాలు ఇరుసుతో కలిసి తిరిగేలా హబ్‌లు లాక్ చేసి చూడండి. చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు కొసన ఉండే గాళ్లు (స్ప్లైన్లు) సరిపోతాయో లేదో కూడా చూసుకోవాలి. 1993లో జిప్సీ చక్రాల మధ్య వెడల్పు పెంచారు కనుక, అంతకు ముందు బండి ఇరుసు మొత్తంగా చవగ్గా ఇస్తానన్నా వద్దనండి.

బిగింపు పెద్ద విద్య కాదు. డ్రమ్ములు, బ్యాక్‌ప్లేట్ నట్లు విప్పి షాఫ్టులు రెండూ బయటికి లాగితేనే డిఫరెన్షియల్ కదులుతుంది. బ్రేక్ పైపు విప్పితే తర్వాత గాలి తీయించడం మరవకండి. సీళ్లు కొత్తవి వేసి, జీఎల్-5 రకం గేర్ ఆయిల్ నింపే రంధ్రం అంచుదాకా పోయించండి. కొన్ని వందల కిలోమీటర్లయ్యాక ఆ ఆయిల్ మార్చేయండి.

ఇంకొకటి, హౌసింగ్ పైన బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) ఉంటుంది. వేడెక్కిన ఇరుసు నీళ్లలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ దారిన నీటిని పీల్చుకుంటుంది. దానికి రబ్బరు గొట్టం తగిలించి బాడీలోకి ఎత్తుగా తీసుకెళ్లండి. వేళచ్చేరిలో కాపురముంటూ ఆ గొట్టం లేకుండా తిరిగితే నేను ఒప్పుకోను.