వెల్డింగ్ సిమ్యులేషన్: కోర్సుకు ఫీజు కట్టేముందు ఒక బీడ్ కోసి చూడాలి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాడు. వెల్డింగ్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు చాలా ఎక్కువ. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: వెల్డింగ్‌లో వేడి ఎలా పాకుతుందో, లోహం ఎలా వంగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే ఈ రంగం మంచిదే, కానీ కోర్సు ఇప్పుడే వద్దండి. సాఫ్ట్‌వేర్ వాడకం తర్వాతైనా వస్తుంది. తెర మీద కనిపించే రంగుల బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ పట్టు కాలేజీ వర్క్‌షాపులోనే సంపాదించుకోవచ్చు.

8 మి.మీ. మందం మైల్డ్ స్టీల్ ప్లేటు మీద మిగ్ (తీగను కరిగిస్తూ గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్) మెషీన్‌తో ఒక బీడ్, అంటే ఒక వెల్డ్ గీత, వేయించమనండి. 25 వోల్టులు, 200 ఆంపియర్లు, సెకనుకు 5 మి.మీ. వేగం అనుకుందాం. ఆర్క్ శక్తి 5,000 వాట్లు. మిగ్‌లో సుమారు 80 శాతం ప్లేటులోకి చేరుతుంది కాబట్టి 4,000 వాట్లు, అంటే మిల్లీమీటరుకు 0.8 కిలోజౌళ్లు. బీడ్ మధ్య గీత నుంచి 10, 15, 20 మి.మీ. దూరాల్లో కె-టైప్ థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు) ముందే అతికించి ఉంచాలి. చల్లారాక ప్లేటును అడ్డంగా కోసి, ఎమరీ పేపర్‌తో నునుపు చేసి, 2 శాతం నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) రాస్తే కరిగిన భాగం అంచు తేటగా కనిపిస్తుంది. దాని వెడల్పు, లోతు రాసుకోవాలి.

కంప్యూటర్‌లో పరిశోధకుడు గోల్డాక్ 1984లో ఇచ్చిన డబుల్ ఎలిప్సాయిడ్ హీట్ సోర్స్ (ఆర్క్ వేడిని ముందు, వెనక రెండు గుడ్డు ఆకారపు భాగాలుగా చూపే సూత్రం) వాడి, దాని కొలతలను ఆ అంచుకు, థర్మోకపుల్ వక్రాలకు సరిపోయేదాకా సవరించాలి. ముందు భాగం, వెనక భాగం వేడి వాటాలు (ఫ్రాక్షన్లు) కలిపితే 2 రావాలి. చాలామంది 1 అనుకుంటారు, అప్పుడు వేడి సగమే లోపలికి వెళుతుంది. బీడ్ దగ్గర మెష్ (లెక్క కోసం ప్లేటును విడగొట్టే చిన్న గడులు) 1 మి.మీ. చాలు. లెక్కలో ఒక్కో టైమ్ స్టెప్‌లో (కాలపు అంచెలో) సోర్స్ తన పొడవు కన్నా ఎక్కువ దూకితే వేడి చుక్కలు చుక్కలుగా పడుతుంది.

అసలు చిక్కు స్ట్రెస్ లెక్కలో వస్తుంది. మైల్డ్ స్టీల్ యీల్డ్ స్ట్రెంగ్త్ (శాశ్వతంగా వంగకుండా తట్టుకునే బలం) 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర సగానికి, 800 దగ్గర పదో వంతుకు దగ్గరగా పడిపోతుంది. గది ఉష్ణోగ్రత విలువ ఒక్కటే ఇచ్చేస్తే డిస్టార్షన్ (ప్లేటు వంకర), రెసిడ్యువల్ స్ట్రెస్ (చల్లారాక లోపల మిగిలే ఒత్తిడి) రెండూ తప్పే. లోహం కరిగినప్పుడు పాత ప్లాస్టిక్ స్ట్రెయిన్‌ను (శాశ్వత సాగుదలను) సున్నా చేయాలి, లేకపోతే ఒకదానిమీద ఒకటి బీడ్లు వేసే మల్టీపాస్ వెల్డ్‌లో అది పేరుకుపోతుంది. ప్లేటును బిగించి ఉంచే క్లాంపులను నిజంగా ఎప్పుడు వదులుతారో మోడల్‌లోనూ అప్పుడే వదలాలి. ఈ మూడూ సరిచూసుకోని రిపోర్టును అనుభవమున్న ఇంజినీరు మొదటి పేజీలోనే పక్కన పెడతారు.

సాధనకు క్యాల్కులిక్స్ (లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్), దానికి తోడు ప్రీపోమ్యాక్స్ (మోడల్ తయారుచేసి ఫలితాలు చూపేది) ఉచితం. కదిలే హీట్ సోర్స్‌కు ఫోర్ట్రాన్ భాషలో చిన్న సబ్‌రొటీన్ (ప్రోగ్రామ్ ముక్క) రాయాలి, అదీ మంచి అభ్యాసమే. వెల్డింగ్ మెటలర్జీ, ఫైనైట్ ఎలిమెంట్ (వస్తువును చిన్న ముక్కలుగా చేసి లెక్కించే పద్ధతి) పాఠాలు ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి.

ఒక్క మాట ముందే తెలుసుకోండి: బీటెక్ తోనే ‘వెల్డింగ్ సిమ్యులేషన్ ఇంజినీర్’ పేరుతో ఉద్యోగాలు తక్కువ. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి తిరుచ్చి ఎన్‌ఐటీలో వెల్డింగ్ ఇంజినీరింగ్ ఎంటెక్ లాంటిది చేస్తే దారి బాగా తెరుచుకుంటుంది. బాయిలర్లు, ఓడలు, కార్ల బాడీలు తయారుచేసేచోట ఈ పని అవసరం. కోర్సు నడిపే సంస్థ వాళ్లను మీరే అడగండి, హీట్ సోర్స్ కాలిబ్రేషన్ (నిజమైన కొలతలతో సరిపోల్చి సవరించడం) ఏ కొలతలతో చేయిస్తారని. జవాబు రాకపోతే ఆ డబ్బు గేట్ కోచింగ్‌కు దాచండి.