పళ్ళకు తొడుగు సరే, గురక సంగతి?

ప్రశ్న: మాది తిరుపతి. మా ఆయన కొండపైకి ట్యాక్సీ నడుపుతారు. నిద్రలో పళ్ళు పటపట కొరుకుతారు, గురక సరేసరి. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది, ఉలిక్కిపడి లేస్తారు. పగలు సిగ్నల్ దగ్గర కునికేస్తారు. డెంటిస్టు రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు (నైట్ గార్డు) చేసిచ్చినా గురక తగ్గలేదు. దండగని మూల పడేశారు. నేను పాపతో హాల్లో పడుకుంటే అత్త దెప్పుతోంది. కడుపులో పురుగులని ఆయనకు వాము నీళ్ళు పోస్తోంది.

జవాబు: గార్డును తిట్టకండమ్మా. దాని పని పళ్ళు అరగకుండా అడ్డుపడటం, అంతే. కొరుకుడునే మాన్పించదు, ఇక గురకనేం ఆపుతుంది? గురకకు వేసే తొడుగు వేరు. అది కింది దవడను కాస్త ముందుకు లాగి పట్టుకుంటుంది, దాంతో గొంతులో గాలికి దారి దొరుకుతుంది. ఆన్‌లైన్లో వేడినీళ్ళలో ముంచి కొరికే రకం దొరుకుతుంది కానీ ఇప్పుడే కొనొద్దు.

నాకు భయమేసింది పళ్ళ గురించి కాదు, ఆ ఉలికిపాటు, ఆ కునికిపాట్ల గురించి. అవి స్లీప్ ఆప్నియా లక్షణాలు కావచ్చు. నిద్రలో గంటకు 5 సార్లకు పైగా ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరిగితే జబ్బుగా లెక్క. 30 దాటితే తీవ్రం. బీపీ కూడా పెరుగుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగ్ పట్టే మనిషి విషయంలో తాత్సారం పనికిరాదు. పరీక్ష అయ్యేదాకా నిద్రమత్తుగా ఉన్న రోజు బండి తీయనివ్వకండి.

మీ ఊళ్ళోని స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో ఈఎన్‌టీకి గానీ ఊపిరితిత్తుల డాక్టరుకు గానీ చూపించి, నిద్ర పరీక్ష గురించి అడగండి. నిద్రలో మాస్కుతో గాలి పంపే మిషన్ పెట్టాలా, దవడ తొడుగు చాలా అన్నది ఆ తర్వాతి మాట. డెంటిస్టుకూ గురక సంగతి చెప్పండి. కొందరికి మామూలు గార్డుతో ఊపిరి ఇబ్బంది పెరగొచ్చు, కాబట్టి అడిగాకే మళ్ళీ పెట్టుకోవాలి. రాత్రిపూట మందు తాగే (మద్యం) అలవాటుంటే మానాలి, పక్కకు తిరిగి పడుకోవాలి.

వాము నీళ్ళు తాగితే తాగనివ్వండి, దాని మీద గొడవెందుకు? అయితే పెద్దవాళ్ళు పళ్ళు కొరకడానికి పురుగులు కారణం కాదు. ఒత్తిడి, సిగరెట్టు, మద్యం, అతిగా కాఫీలు చూసుకోవాలి. పడక విషయంలో మాత్రం అత్తతో మీరు వాదించకండి. "దానికి నిద్ర చాలట్లేదు, నేనే హాల్లో పడుకోమన్నా" అని ఆమె కొడుకు నోటితోనే చెప్పించండి.

ఆయన ఒప్పుకోకపోతే ఒక రాత్రి గురక ఆగి లేచేది ఫోన్లో వీడియో తీయండి. డాక్టరుకూ పనికొస్తుంది. అత్త ముందు, తోటి డ్రైవర్ల ముందు చూపించారో, రోషానికి పోయి ఆసుపత్రి గడప తొక్కరు. ట్రిప్పు ముగించుకొని వచ్చి, అన్నం తిన్నాక, ఇద్దరే ఉన్నప్పుడు చూపించండి.