ఆ స్క్రూ తిప్పేముందు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు గ్రాఫిక్స్ కార్డు విప్పి లోపల ఏదో తీగ అతికిస్తానంటోంది, నువ్వైనా వద్దని చెప్పు" అంది. ఏ తీగ, ఎక్కడికి అని గుచ్చి గుచ్చి అడిగితే ఫీడ్‌బ్యాక్ పిన్ను, ప్రీసెట్ (స్క్రూ తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) అంటూ నువ్వు చెప్పిన మాటలే అప్పజెప్పింది. వోల్ట్‌మాడ్ అన్నమాట, అంటే కార్డు వేగం పెంచడానికి దాని చిప్పుకి అందే వోల్టేజీని చేత్తో పెంచడం. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. డ్యూరాన్ ప్రాసెసర్ మీద తెగిన ఎల్1 బ్రిడ్జిలనే సన్నటి కనెక్షన్లను పెన్సిల్ గీతతో కలిపి, వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ తాళం తెరుచుకుందని నేను ఎగిరి గంతేసిన రోజు గుర్తొచ్చింది. నువ్వూ అదే దారిలో వస్తున్నావని గర్వం, అదే దారిలో నేను పడ్డ గొయ్యి కూడా ఉందని టెన్షన్.

వద్దని మాత్రం చెప్పను. చెబితే అర్ధరాత్రి ఒక్కదానివే చేస్తావు. నేనూ అలాగే చేశాను.

పవర్ కేబుల్ పీకు, ఒంట్లోని స్టాటిక్ వదిలించుకో, సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ వాడు, ఫ్లక్స్ పెట్టు. ఇవన్నీ నీకు తెలుసు.

అసలు నీ కార్డు ఏ హద్దు దగ్గర ఆగుతోందో చూశావా? 2012లో జీటీఎక్స్ 680తో ఎన్విడియా జీపీయూ బూస్ట్ తెచ్చినప్పటి నుంచి కార్డు వేడినీ కరెంటునీ చూసుకుంటూ క్లాకును, అంటే తన వేగాన్ని, తనే తగ్గించుకుంటోంది. పవర్ లిమిట్ దగ్గర ఆగే కార్డుకి వోల్టేజీ పెంచితే క్లాకు పెరగదు సరికదా, ఇంకా పడిపోతుంది. వోల్టేజీ చాలక ఆగుతోందని తేలితేనే ఐరన్ వేడి చెయ్యి. ఈ పని చెయ్యకుండా కార్డు విప్పితే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది.

పని ఎలా జరుగుతుందో ఒక లెక్కతో చెబుతాను, ఎందుకంటే నా భయమంతా ఈ లెక్కలోనే ఉంది. కార్డు మీద వోల్టేజీని నడిపే కంట్రోలర్ చిప్పు లోపల పోల్చి చూసుకోవడానికి ఒక రిఫరెన్స్ వోల్టేజీ ఉంటుంది, 0.6 వోల్టులు అనుకుందాం. కోర్‌కి, అంటే కార్డులోని అసలు చిప్పుకి, వెళ్ళే వోల్టేజీ నుంచి, కంట్రోలర్ దాన్ని కొలుచుకునే ఫీడ్‌బ్యాక్ పిన్నుకి 1 కిలో ఓమ్, పిన్ను నుంచి గ్రౌండుకి 1.5 కిలో ఓమ్ రెసిస్టర్లు ఉంటే కోర్‌కి సరిగ్గా 1 వోల్టు అందుతుంది. నువ్వు పిన్నుకీ గ్రౌండుకీ మధ్య, ఉన్నదానికి సమాంతరంగా, ఇంకో రెసిస్టెన్స్ పెడుతున్నావు. పిన్ను నుంచి గ్రౌండుకి మొత్తం రెసిస్టెన్స్ తగ్గేసరికి, వోల్టేజీ చాలడం లేదేమో అని కంట్రోలర్ పెంచుతుంది. నీ ప్రీసెట్ 30 కిలో ఓమ్ దగ్గర ఉంటే 1.02 వోల్టులు. 6 కిలో దగ్గర 1.1. 3 కిలో దగ్గర 1.2. 1.5 కిలో దగ్గర 1.4. చూశావా, మొదట్లో పది తిప్పులు తిప్పినా ఏమీ కదలనిది చివర్లో అర తిప్పుకే చిప్పుని చంపేస్తుంది. సున్నా దగ్గర ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

నాకప్పుడు 22 ఏళ్ళు. మీ అమ్మ తన మొదటి జీతంలోంచి నాకో కార్డు కొనిచ్చింది. తనకి కొత్త చెప్పులు లేవు, నాకు మాత్రం కార్డు. రెండు నెలలకే దాని మీద చెయ్యి వేశాను. 25 తిప్పుల ప్రీసెట్ తెచ్చాను, మంచిదే. పవర్ ఇచ్చేముందు దాన్ని గరిష్ఠ రెసిస్టెన్స్‌లో ఉంచాలని చదివాను. అందుకని టిక్ టిక్ మనే దాకా తిప్పి, మీటర్ పెట్టి చూశాను. పూర్తి విలువ చూపించింది. సంతోషంగా సోల్డర్ చేశాను.

కానీ నేను మీటర్ పెట్టింది రెండు చివరి కాళ్ళ మీద. ప్రీసెట్‌కి మూడు కాళ్ళుంటాయి. చివరి కాళ్ళ మధ్య ఎంత తిప్పినా ఒకటే విలువ, ఎప్పుడూ పూర్తి విలువే. మారేది మధ్య కాలుకీ చివరి కాలుకీ మధ్య. నేను సోల్డర్ చేసిన ఆ రెండు కాళ్ళ మధ్య అప్పుడు సున్నా ఉంది. అంటే ఫీడ్‌బ్యాక్ పిన్నుని నేరుగా గ్రౌండుకి కట్టేశాను.

కొన్ని కంట్రోలర్లు అలాంటప్పుడు ఏదో తేడా అని గ్రహించి ఆగిపోతాయి. నాది ఆగలేదు. స్విచ్ నొక్కాను, ఫ్యాన్ ఒక్కసారి కదిలింది, టప్ మని చిన్న చప్పుడు. తెర వెలగనే లేదు. ఆ వాసన ఈ ఉత్తరం రాస్తుంటే కూడా వస్తోంది.

తర్వాత చేసింది ఇంకా తప్పు. తీగలు పీకి, సోల్డర్ గీకి, దానంతటదే పోయిందని మీ అమ్మకి చెప్పాను. పాపం తను వారంటీ కాగితం వెతికి, వాళ్ళతో మాట్లాడతానని బయల్దేరింది. గుమ్మం దాటేలోపు నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నా. దగ్గరికొచ్చి నా చేతులు తిప్పి చూసి, "ఎక్కడా కాలలేదు కదా?" అంది. అంతే. ఆ కార్డు ఊసు మళ్ళీ ఎత్తలేదు. నిన్న ఫోన్లో తన గొంతు ఎందుకు వణికిందో నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కాబట్టి కన్నా, ప్రీసెట్ కాళ్ళకి తీగలు సోల్డర్ చేశాక, ఆ తీగల రెండో చివర్ల మధ్య కొలువు. తిప్పుతూ కొలువు, అంకె మారడం నీ కళ్ళతో చూడు. ఆ తర్వాతే కార్డుకి కలుపు. బోర్డు మీద ఫీడ్‌బ్యాక్ నుంచి గ్రౌండుకి ఎంత ఉందో ముందే కొలిచి, దానికి ఇంచుమించు 20 రెట్ల ప్రీసెట్ తీసుకో. కోర్ కాయిల్ (కోర్‌కి కరెంటు వెళ్ళే తీగ చుట్ట) దగ్గర గ్రౌండుకి కొలిస్తే 1 ఓమ్ కన్నా తక్కువ చూపించి మీటర్ కూస్తే హడలిపోకు, పెద్ద చిప్పులకి అది మామూలే. వోల్టేజీ చూడ్డానికి కార్డు నడుస్తుండగా ప్రోబుతో పొడవొద్దు, జారితే షార్టవుతుంది. ముందే ఒక తీగ సోల్డర్ చేసి మీటర్‌కి కట్టేసెయ్. సాఫ్ట్‌వేర్ చూపించే అంకెని నమ్మకు. చాలా కార్డుల్లో అది కార్డు అడిగిన వోల్టేజీయే గానీ చిప్పుకి అందుతున్నది కాదు. ప్రీసెట్‌ని తీగలకి వేలాడదీయకు, బోర్డుకి గట్టిగా అతికించు.

వేడి సంగతి. వాడే పవర్ వోల్టేజీకి వర్గం లెక్కన పెరుగుతుంది. 1.05 నుంచి 1.2కి వెళితే అదే క్లాకు దగ్గర 30 శాతం ఎక్కువ. 200 వాట్ల కోర్ 260 అవుతుంది, క్లాకు పెంచితే ఇంకా పైకి. కోర్ మీద ఎంత పెద్ద కూలర్ పెట్టినా, కోర్‌కి కరెంటు అందించే మాస్‌ఫెట్లకి గాలి లేకపోతే ముందు పోయేవి అవే. విడిగా ఒక ఫ్యాన్ వాటి మీదికి తిప్పు.

కార్డు తన కరెంటు కొలుచుకునే షంట్ రెసిస్టర్ల జోలికి ఈసారి వెళ్ళకు. 5 మిల్లీఓమ్ మీద ఇంకో 5 పేర్చితే కార్డు తను తాగే కరెంటులో సగమే తాగుతున్నాననుకుంటుంది. స్లాటుకి 75 వాట్లు, 8 పిన్ కనెక్టరుకి 150 వాట్లు అన్న హద్దుల్ని కాపాడేవాళ్ళు ఇక ఎవరూ ఉండరు. కార్డు పోతే పోయింది, కనెక్టర్ కరిగితే నువ్వు పక్కనే కూర్చుని ఉంటావు.

ఆదివారం పొద్దున్న, కడుపు నిండా తిని, నిద్ర సరిపోయాక మొదలుపెట్టు. స్విచ్ వేసేముందు నాకు వీడియో కాల్ చెయ్యి. మీటర్ ప్రోబులు ఏ కాళ్ళ మీద ఉన్నాయో దగ్గరగా చూపించు. అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

మీ మామయ్య