ఆ ఒక్క నిమిషం

బరంపురం

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

విశాఖపట్నంలో సిటీ ఎక్స్‌ప్రెస్ బస్సుల ప్రణాళిక పని నీకు అప్పగించారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొద్దున్నే బస్టాండు దాకా నడిచి వెళ్లి, ఇచ్ఛాపురం బస్సు డ్రైవరుతో "మా మనవరాలు బస్సుల పనిలో చేరింది" అని చెప్పి వచ్చాను. అతనెవరో నాకు తెలియదు. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. ఇంటికి వచ్చాక మాత్రం దిగులు పట్టుకుంది. ముప్పై రెండేళ్లు ఒక మహానగరంలో బస్సుల టైంటేబుళ్లు వేసినవాణ్ణి నేను. కాగితం మీది అంకె ఎవరి ఒంటి మీద పడుతుందో చూసినవాణ్ణి.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. గాజువాక, మద్దిలపాలెం, మధురవాడ లాంటి పెద్ద కూడళ్లలోనే ఎక్స్‌ప్రెస్ ఆగాలి. మధ్యలోవి ఆర్డినరీ బస్సులకు వదిలిపెట్టు. ఎంత పెద్దవారు అడిగినా కొత్త స్టాపు కలపకు. మీ దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో కూడా మహిళలకు ఉచిత ప్రయాణం కదా, అది మంచి పని. కానీ జీరో టికెట్టు కొట్టడానికీ సమయం పడుతుంది, ఆ సమయాన్ని లెక్కలో కలుపుకో.

రోడ్డు మీద గీత గీసి ఇది బస్సుల దారి అంటే చాలదు. ఢిల్లీలో 2008లో తెరిచిన ప్రత్యేక దారిని 2016లో తవ్వి తీసేశారు. అహ్మదాబాదులో 2009లో మొదలైన జనమార్గ్ అనే బస్సుల దారి మాత్రం నిలదొక్కుకుంది. అక్కడ ప్లాట్‌ఫారం బస్సు గుమ్మం ఎత్తులో ఉంటుంది, టికెట్టు ఎక్కకముందే తీసుకుంటారు. మీ ఊళ్లోనూ పెందుర్తి వైపు, సింహాచలం వైపు బీఆర్‌టీఎస్, అంటే బస్సుల ప్రత్యేక దారి, పేరుతో వేసిన రోడ్లున్నాయి. పటాలు తర్వాత చూడవచ్చు. ముందు ఒక సాయంత్రం రద్దీ వేళ ఆ రెండు దారుల్లోనూ బస్సెక్కి చివరిదాకా నిలబడి వెళ్లు.

డబ్బు సంగతి. 2009లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే నగరాల అభివృద్ధి పథకం కింద కేంద్రం నగరాలకు బస్సులు కొనడానికి డబ్బిచ్చింది. కొనడానికే. బస్సు కొన్ననాడు పూలదండలు వేస్తారు, టైర్లు అరిగిననాడు ఎవరూ రారు. 2023 ఆగస్టులో మంజూరైన పీఎం ఇ-బస్ సేవ దానికంటే నయం. 10,000 ఎలక్ట్రిక్ బస్సుల కోసం 20,000 కోట్ల రూపాయలు, నడపడానికి కూడా పదేళ్లపాటు సాయం. అయితే బస్సు నిండినా ఖాళీగా తిరిగినా నడిపేవారికి కిలోమీటరుకు ఇంత అని కట్టవలసిందే. పదకొండో ఏడు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే రాతపూర్వకంగా అడుగు. మొహమాటపడకు. చిన్నప్పుడు దుకాణంలో చిల్లర తిరిగి అడగడానికి కూడా సిగ్గుపడేదానివి, నాకు భయం అందుకే.

ఇక నీకు చెప్పాలని కూర్చున్న మాట.

1996 వేసవి. పాతిక కిలోమీటర్ల రూటు. పది నిమిషాలకొక ఎక్స్‌ప్రెస్ అని పత్రికలకు ముందే చెప్పేశారు. ఆ రద్దీలో సగటున గంటకు 15 కిలోమీటర్లకు మించి బండి కదలదు. పోవడానికి 100 నిమిషాలు, రావడానికి 100. రెండు చివరలా పదేసి నిమిషాల విరామం కలిపితే 220. పది నిమిషాలకొకటి చొప్పున 22 బస్సులు కావాలి. ఇచ్చింది 20. ఎలాగోలా సర్దమన్నారు. నేను విరామాలు రెండూ కొట్టివేశాను. 200 నిమిషాలకు 20 బస్సులు, లెక్క అచ్చు గుద్దినట్టు కుదిరింది. సంతకం పెట్టాను. పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి మిఠాయి పొట్లం కూడా తీసుకువెళ్లాను.

వారం తిరగకుండానే సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు నా కిటికీ దగ్గరకు వచ్చాడు. "అయ్యా, దిగి మళ్లీ ఎక్కే వేళ కూడా లేదు. ఒంటికి ఎప్పుడు వెళ్లాలి?" అన్నాడు. రద్దీ లేని ట్రిప్పులో సమయం మిగులుతుందిలే అన్నాను. అతను డ్యూటీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆలస్యమైన బస్సు కోసం స్టాపుల్లో జనం పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది, వెనక బండి ఖాళీగా వచ్చి దాని తోక పట్టుకుంటుంది. చివర్లో విరామం ఉంటే అక్కడ సర్దుకునేది. అది లేక నలభై నిమిషాలు ఒక్క బస్సూ ఉండేది కాదు, తరువాత నాలుగు వరుసగా వచ్చేవి. జనం తిట్టేది డ్రైవర్లనే. డ్రైవర్లు నీళ్లు తాగడం మానేశారు. ఆ సంగతి నాకు తెలియదని చాలాకాలం చెప్పుకున్నాను. తెలుసుకోలేదు, అదీ నిజం.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ సోంపేట డ్రైవరు స్టీరింగు మీదనే వాలిపోయాడు. బస్సు డివైడరు ఎక్కి ఆగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆస్పత్రికి వెళితే అతని భార్య నేను కూర్చోవడానికి స్టూలు జరిపింది. మంచం కింద నీళ్ల సీసా, నిండుగా, మూత తీయకుండా ఉంది. "పొద్దున్న ఇచ్చి పంపానండీ, అలాగే తిరిగి వచ్చింది" అంది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు డాక్టర్లు. అతను మళ్లీ బస్సు నడపలేదు. తప్పు నాదని ఆవిడతో చెప్పలేకపోయాను. ఎండదెబ్బ అన్నాను.

ఎన్నో ఏళ్ల తరువాత ఒక రాత్రి నిద్రపట్టక ఆ లెక్క మళ్లీ వేశాను. పది నిమిషాలకు బదులు పదకొండు నిమిషాలకొకటి అని రాసి ఉంటే, ఆ 20 బస్సులతోనే 220 నిమిషాలూ సరిగ్గా సరిపోయేవి. ఒక్క నిమిషం. అది అడగడానికి నాకు నోరు రాలేదు.

నీకు బస్సులు తక్కువ ఇస్తారు, అది ఖాయం. అప్పుడు దారిలో వృథా అయ్యే సమయాన్ని కొయ్యి. అదే రూటులో సగటు వేగం 20కి పెరిగితే విరామాలతో సహా 170 నిమిషాలు, 17 బస్సులు చాలు. కూడళ్లలో బస్సుకు ముందు సిగ్నలు ఇవ్వమని పోలీసుల వెంట పడు. అదీ కుదరకపోతే పదకొండు అని రాయి. పన్నెండు అని రాయి. పత్రికల్లో చిన్నగా వేస్తే వేసుకోనీ.

రెండు చివరలా మరుగుదొడ్లు, నీళ్లు, తలుపుకు లోపలి గడియ. బస్సులకు రంగులు ఎంచుకునే ముందు ఇవి కట్టించు. మహిళా కండక్టర్లు ఎంతమంది ఉంటారో నాకంటే నీకే తెలుసు. వాళ్లంతట వాళ్లు వచ్చి అడగరమ్మా. నువ్వే వెళ్లి అడగాలి.

నువ్వూ కంప్యూటర్ ముందు కూర్చుంటే నీళ్లు ముట్టవని మీ అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. బల్ల మీద సీసా పెట్టుకో, సాయంత్రానికి ఖాళీ కావాలి.

డ్యూటీ చార్టు ముసాయిదా తయారయ్యాక నాకు ఒక ప్రతి పంపు. ఫోనులో వద్దు, అక్షరాలు కనబడవు. పెద్ద కాగితం మీద అచ్చు తీసి, రెండు చివరల దగ్గరా విరామం ఎంతో విడిగా రాసి పంపు. ముందు అదే చూస్తాను.

మీ తాతయ్య