98లో పరుగు, ఎక్స్‌పీలో పాకుడు: పాత కంప్యూటర్‌లో ఆట ఎందుకు నెమ్మదించింది?

ప్రశ్న: 2002లో మా నాన్నగారు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఇప్పటికీ ఆన్ అవుతోంది సార్. పెంటియం 4 ప్రాసెసర్, 1.8 గిగాహెర్ట్జ్. 256 ఎంబీ ర్యామ్, 64 ఎంబీ జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440 గ్రాఫిక్స్ కార్డు, 40 జీబీ హార్డ్‌డిస్క్. సీ డ్రైవ్‌లో విండోస్ 98, డీ డ్రైవ్‌లో ఎక్స్‌పీ ఉన్నాయి. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ వంతులేసుకుని ఇందులోనే జీటీఏ వైస్ సిటీ ఆడేవాళ్లం. మొన్న సంక్రాంతికి మా అబ్బాయికి చూపిద్దామని పెట్టాను. ఎక్స్‌పీలో కారు నడుపుతుంటే రెండు మూడు సెకన్లకోసారి బొమ్మ ఆగిపోతోంది, రేడియో పాట తెగిపోతోంది. నడిచి తిరిగితే అంత ఇబ్బంది లేదు. 98లో బాగానే మొదలవుతుంది గానీ, పావుగంట తర్వాత మొత్తం నెమ్మదిస్తుంది. ఎక్స్‌పీలో పెద్ద ఫైలు కాపీ చేసినా మౌస్ ఆగి ఆగి కదులుతుంది. ఇక్కడ చూపిస్తే ‘పాతదైపోయింది, పారేయండి’ అన్నారు. అంతేనంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పారేయకండి. వైస్ సిటీ పీసీలోకి 2003లో వచ్చింది. దానికి కనీసం కావలసింది 800 మెగాహెర్ట్జ్ పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు. మీ దగ్గర అన్నీ దానికి రెట్టింపు ఉన్నాయి. పైగా ఇదే మెషీన్ మీద మీరిద్దరూ ఒకప్పుడు హాయిగా ఆడారు. వయసు మీదపడి లెక్కలు నెమ్మదిగా చేయడమనేది ప్రాసెసర్‌కు ఉండదు. ఇరవై ఏళ్ల తర్వాతయినా అదే వేగంతో నడవాలి. నడవడం లేదంటే మధ్యలో ఏదో మారిందన్నమాట. ఆ మారిందేమిటో పట్టుకుంటే చాలు.

డ్యూయల్ బూట్ ఉన్నవాళ్లకు ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది. ఒకే ప్రాసెసర్, ఒకే ర్యామ్, ఒకే కార్డు మీద రెండు విండోస్‌లు నడుస్తున్నాయి. ఒకదాంట్లోనే కనిపించే జబ్బు ముందుగా ఆ విండోస్ సెట్టింగుల్లో వెతకాలి. కొంతసేపు బాగా నడిచి, ఆ తర్వాత మెల్లగా ముంచుకొచ్చేదైతే సామానులో, అంటే హార్డ్‌వేర్‌లో వెతకాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు ఒకటి కాదు, రెండు జబ్బులున్నాయి. ఒకదానికి మందేసి ఇంకొకటి తగ్గలేదని విసుగుపడకుండా, విడివిడిగా చూద్దాం.

దేనికీ చెయ్యి పెట్టకముందే ఒక పని చేయండి. ఆ 40 జీబీ డిస్క్‌లో ఇంట్లోవాళ్ల ఫొటోలు, ఉత్తరాలు ఏమున్నా బయటికి తీసిపెట్టుకోండి. మీది ఐడీఈ డిస్క్, అంటే వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో బిగించే పాత రకం. దాన్ని యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్లు దొరుకుతాయి. దాంతో మీ ల్యాప్‌టాప్‌కు తగిలించి కాపీ చేసుకోవచ్చు. డిస్క్ లోపల టక్ టక్ మని చప్పుడు వినిపిస్తుంటే ఆట సంగతి పక్కన పెట్టండి. ఆ రోజు కాపీ ఒక్కటే మీ పని. ఆట మళ్లీ ఎక్కడైనా దొరుకుతుంది, నాన్నగారి ఫొటోలు దొరకవు.

ఇక ఎక్స్‌పీ సంగతి. ఫైలు కాపీ చేస్తుంటే మౌస్ ఆగి ఆగి కదలడమే అసలు ఆనవాలు. మీ హార్డ్‌డిస్క్ డీఎంఏ పద్ధతి నుంచి పీఐఓ పద్ధతికి దిగజారి ఉంటుంది. ధాన్యం కొట్టుకు లారీ వచ్చిందనుకోండి. డీఎంఏ అంటే హమాలీలు బస్తాలు దింపి లోపల పేర్చేస్తారు, షావుకారు గల్లాపెట్టె దగ్గర తన లెక్కలు తను చూసుకుంటాడు. పీఐఓ అంటే ప్రతి బస్తానూ షావుకారే మోయాలి. మోసినంత సేపూ గల్లా దగ్గర మనిషుండడు. ఇక్కడ షావుకారు మీ ప్రాసెసర్. డిస్క్ నుంచి వచ్చే ప్రతి ముక్కనూ అదే దగ్గరుండి ర్యామ్‌లోకి మోస్తోంది. వేగం సంగతీ అంతే. ఆ కాలపు డిస్క్‌లు అల్ట్రా డీఎంఏ మోడ్ 5లో సెకనుకు 100 ఎంబీ దాకా పంపగలిగే దారి మీద నడిచేవి. పీఐఓలో కాగితం మీదే 16.6 ఎంబీ మించదు.

వైస్ సిటీకి ఇది ఎందుకు అంతగా తగులుతోందంటే, ఆ ఆట ఊరినంతా ఒకేసారి ర్యామ్‌లోకి ఎక్కించుకోదు. మీరు కారులో వెళ్తున్న కొద్దీ ముందున్న వీధులు, భవనాలు డిస్క్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. రేడియో పాట కూడా ఫైలులోంచి పారుతూనే ఉంటుంది. అందుకే నడిచేటప్పుడు లేని ఇబ్బంది కారెక్కితే వస్తోంది. బొమ్మ, పాట రెండూ ఒకే క్షణంలో తెగుతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు చాలకపోతే బొమ్మ ఒక్కటే కుంటుతుంది, పాట మామూలుగా సాగుతుంది.

చూసుకోవడం తేలిక. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్. అందులో ఐడీఈ కంట్రోలర్ల కింద ప్రైమరీ ఐడీఈ ఛానెల్ తెరిచి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూడండి. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ ఎదురుగా పీఐఓ అని ఉంటే దొంగ దొరికినట్టే. పైన ‘డీఎంఏ ఇఫ్ అవైలబుల్’ ఎంచుకుని ఉన్నా సరే, కింద పీఐఓ అని ఉండొచ్చు. డిస్క్‌తో మాట్లాడేటప్పుడు తప్పులు ఆరుసార్లు పోగుపడితే ఎక్స్‌పీ తనంతట తాను ఒక్కో మెట్టు కిందికి దిగుతుంది. చివరి మెట్టు పీఐఓ. దిగడం దానికి తెలుసు గానీ, తిరిగి ఎక్కడం తెలియదు. 98లో డీఎంఏకు విడిగా ఒక టిక్కు ఉంటుంది, ఈ గొడవ దానికి అంటదు. మీకు 98లో ఆట బాగానే మొదలవడానికి కారణం అదే.

మందు ఏమిటంటే, అదే డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానెల్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. భయపడక్కర్లేదు, డిస్క్‌లో ఉన్నవేవీ పోవు. ఎక్స్‌పీ లేవగానే దాన్ని కొత్తగా గుర్తుపట్టి పాత తప్పుల లెక్క చెరిపేస్తుంది. ఇంకోసారి రీస్టార్ట్ అడిగితే ఇవ్వండి. తర్వాత చూస్తే అల్ట్రా డీఎంఏ మోడ్ 5 అనో, 4 అనో కనిపించాలి.

నాలుగు రోజులకు మళ్లీ పీఐఓకు దిగిందా, అప్పుడు సెట్టింగులతో లాభం లేదు. ఆ తప్పులు పుట్టే చోటు చూడాలి. ఎక్కువసార్లు అది రిబ్బన్ కేబులే. సన్నని తీగలు దగ్గరదగ్గరగా ఉన్న 80 తీగల కేబుల్ వేయించుకోండి. దాని నీలం కొన మదర్‌బోర్డుకు, నలుపు కొన హార్డ్‌డిస్క్‌కు. మధ్యలో బూడిద రంగుది రెండో పరికరానికి. పాత 40 తీగల కేబుల్ చూడ్డానికి ఒకలాగే ఉంటుంది, ఈ వేగాలకు అది పనికిరాదు. కేబుల్ మార్చినా దిగుతుంటే డిస్క్‌కే రోజులు దగ్గరపడ్డాయి.

రెండో జబ్బు పావుగంట సంగతి. మొదట బాగుండి తర్వాత నెమ్మదిస్తోందంటే వేడి. పెంటియం 4కు తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఉంది. హద్దు దాటి వేడెక్కితే తన గడియారాన్ని మధ్యమధ్యలో ఆపి చల్లబడుతుంది. కంప్యూటర్ ఆగదు, ఏ హెచ్చరికా రాదు, ఆట మాత్రం సగం వేగానికి పడిపోతుంది. ప్రాసెసర్‌కూ దాని వేడిని లాగేసే పైనున్న లోహపు రేకుల దిమ్మెకూ (హీట్ సింక్) మధ్య పూసిన పేస్టు ఇరవై ఏళ్లకు ఎండి సుద్దలా పొడిరాలుతుంది. హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా అట్టకడుతుంది. పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. కేబినెట్ పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ నేరుగా లోపలికి తిప్పి, అరగంట ఆడండి. నెమ్మదించకపోతే వేడే.

ఇక్కడ మాత్రం దయచేసి తొందరపడకండి. 2002 నాటి పెంటియం 4లు చాలావరకు 478 పిన్నులవి. వాటిలో హీట్ సింక్ కింద ప్రాసెసర్, దాని పక్కన బిగించే మీట ఉంటాయి. హీట్ సింక్ తీయకుండా మీట ఎత్తలేం. ఎండిన పేస్టు రెంటినీ జిగురులా అతికించేసి ఉంటుంది. క్లిప్పులు తీసి గట్టిగా పైకి లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి హీట్ సింక్‌తో పాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. నాకు ఒకసారి సరిగ్గా ఇలాగే జరిగింది. మైక్రోటిప్ పెన్సిల్‌లో ములుకు తీసేసి, ఆ సన్నని గొట్టంలోకి ఒక్కో పిన్నూ దూర్చి నిలబెట్టడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఒక పిన్ను విరిగినా ప్రాసెసర్ పోయే ప్రమాదం ఉంది. అందుకే ముందు పది నిమిషాలు ఆట నడిపి పేస్టును వేడెక్కనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్ పీకి, క్లిప్పులు తీసి, హీట్ సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జారినట్టు అనిపించాకే పైకెత్తండి. పాత పేస్టును మెత్తని గుడ్డతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది కందిగింజంత మధ్యలో పెడితే చాలు. దుమ్ము బ్రష్షుతో ఆరుబయట దులపండి. గాలి కొట్టేటట్లయితే ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి.

తలుపు తీశారు కాబట్టి ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లను కూడా చూడండి. పై మూత చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు మరక కారినా మార్పించాలి. ఆ కాలపు బోర్డుల్లో ఇది చాలా మామూలు జబ్బు. సోల్డరింగ్‌లో చేయి తిరిగిన మనిషి దొరికితే ఖర్చూ పెద్దగా కాదు.

మిగతావి చిన్నవి. ఎక్స్‌పీలో యాంటీవైరస్ ఉంటే తీసేయండి, 256 ఎంబీలో పెద్ద వాటా అదే తినేయొచ్చు. దానికి బదులు నెట్ కేబుల్ పీకేయండి. 98కి 2006 జులైలో, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ఆ రెంటినీ నెట్‌కు కలపడం ఎలాగూ మంచిది కాదు. ర్యామ్ పెంచుతానంటే ఇంకో 256 వేసి 512 దగ్గర ఆగండి. అది దాటితే ఎక్స్‌పీ సంతోషిస్తుంది గానీ 98 మొరాయిస్తుంది. ‘మెమరీ చాలదు’ అంటూ అసలు తెరుచుకోకుండా ఆగిపోవచ్చు. రన్‌లో డీఎక్స్‌డయాగ్ అని కొట్టి డిస్‌ప్లే పేజీలో డైరెక్ట్‌3డీ, ఏజీపీ టెక్స్చర్ రెండూ ఎనేబుల్డ్ అని ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే చిప్‌సెట్ డ్రైవర్, ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ అదే వరుసలో వేయండి. ఆటలో డిస్‌ప్లే సెటప్‌లో ట్రెయిల్స్ ఆపేస్తే మీ కార్డుకు మరికాస్త ఊపిరి ఆడుతుంది.

ప్రశ్న: నాది 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3. ఎక్స్‌పీ, 98 రెండూ ఉన్నాయి. ఈమధ్య రెండింట్లోనూ ఆటలు నెమ్మదించాయి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ కూడా తప్పు చూపిస్తోంది. రెంటికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఉందండీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. తేదీతో పాటు బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులను గుర్తుంచుకునేది కూడా దాని దయవల్లే. అది పోతే బోర్డు తనకు తోచిన భద్రమైన సెట్టింగులకు వెళ్లిపోతుంది. మీలాంటి ప్రాసెసర్లలో ఒక రకం 133 మెగాహెర్ట్జ్ బస్‌ను (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి వేగాన్ని) 7.5తో హెచ్చించుకుని 1000కి చేరుతుంది. బోర్డు ఆ బస్‌ను 100కి దించేస్తే మీకు మిగిలేది 750. ఎక్స్‌పీలో మై కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిచి ఎన్ని మెగాహెర్ట్జ్ అని ఉందో చూడండి. 750 చుట్టుపక్కల ఉంటే ఇదే కథ.

ప్లగ్ పీకి బ్యాటరీ మార్చండి, వాచీల షాపులో దొరుకుతుంది. ప్లస్ గుర్తు పైకి ఉండాలి. తర్వాత ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి తేదీ సరిచేయండి. అక్కడ ఫెయిల్‌సేఫ్ డిఫాల్ట్స్, ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ అని రెండు ఉంటే రెండోది ఎంచుకోండి. మొదటిది ఎలాగోలా ఆన్ అయితే చాలన్నట్టు వేగాన్నంతా కోసేస్తుంది. బస్ ఇంకా 100లోనే ఉంటే అక్కడే 133కి మార్చి సేవ్ చేయండి.

ప్రశ్న: జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200 కార్డు ఉన్నా నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్ఈ గరుకుగా, నెమ్మదిగా ఎందుకు ఉంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 1997లో వచ్చిన ఆ ఆటకు తెలిసిన 3డీ కార్డు ఒక్కటే, 3డీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ. అది మాట్లాడే భాష గ్లైడ్. మీ కార్డుకు ఆ భాష రాదు కాబట్టి ఆట దాన్ని ముట్టుకోకుండా బొమ్మంతా ప్రాసెసర్‌తోనే గీయిస్తోంది. కార్డు మార్చినా, డ్రైవర్ మార్చినా తేడా రాదు. ఎక్స్‌పీ వైపు ఎన్‌గ్లైడ్ అనే చిన్న ప్రోగ్రాం వేసి చూడండి. ఆట గ్లైడ్‌లో చెప్పేదాన్ని డైరెక్ట్‌3డీలోకి మార్చి మీ కార్డుకు అందిస్తుంది. వేసుకున్నాక ఆటను వూడూ కార్డు కోసం ఉన్న 3డీఎఫ్ఎక్స్ ఫైలుతోనే తెరవాలి, మామూలు ఫైలుతో తెరిస్తే మళ్లీ పాత గరుకే వస్తుంది.